రాకెట్ ముక్క పడి కొట్టం కూలితే నష్టపరిహారం ఎవరిని అడగాలి?

సేతు_రాజురా:

అందరికీ నమస్కారం. మాది చంద్రపూర్ జిల్లా, రాజురా వైపు. సేతు కేంద్రం నడుపుతాను. సాత్‌బారా (భూమి పహాణీ), ఆదాయం సర్టిఫికెట్, పంట నష్టం దరఖాస్తు, బీమా ఫారాలు అన్నీ నా కౌంటర్ మీదే నడుస్తాయి. కాగితాలన్నీ మరాఠీలో ఉంటాయి, వచ్చేవాళ్ళలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. అందుకని ఏ నష్టానికి ఏ ఆఫీసు మెట్లెక్కాలో చెప్పే పని కూడా నా నెత్తినే పడింది. పులి ఆవును కొడితే ఫారెస్ట్ వాళ్ళకి చెప్పాలి. పిడుగు పడి ఎద్దు చస్తే తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) వచ్చి పంచనామా రాయాలి. అడవి పందులు చేను తొక్కితే మళ్ళీ ఫారెస్టే. తీగ తెగిపడితే కరెంటోళ్ళు. ఇవన్నీ నాకు నోటికి వచ్చు.

మొన్నామధ్య ఒక రాత్రి ఆకాశంలో నిప్పు తోకతో ఏదో పోయింది. తెల్లారి దుకాణం ముందు అదే చర్చ. చుక్క రాలిందని ఒకరు, విమానమని ఒకరు. అంతలో రెండు జతల ఎడ్లున్న ఒక ఆసామి నన్ను పట్టుకుని, "అదే నా కొట్టం మీద పడుంటే నువ్వు ఏ ఫారం తీసేవాడివి, చెప్పు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి ఊరుకునేవాణ్ణే, కానీ మా జిల్లాలో ఇది ఒకసారి జరిగింది.

2022 ఏప్రిల్ 2. మనకి ఉగాది, ఇక్కడోళ్ళకి గుడీ పాడ్వా. పండగ భోజనాలయ్యే వేళకి సిందేవాహి తాలూకా లాడ్‌బోరీ ఊళ్ళో పెద్ద లోహపు చక్రం పడింది. దాదాపు మూడు మీటర్ల అడ్డకొలత. ఆ చుట్టుపక్కల గోళాలు కూడా దొరికాయి. చైనా వాళ్ళు 2021 ఫిబ్రవరిలో పంపిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్ మూడో అంచె అలా తిరిగొచ్చి పడిందని అమెరికాలో ఇలాంటివి లెక్కగట్టే జోనాథన్ మెక్‌డవెల్ చెప్పారు. ఇస్రో వాళ్ళు వచ్చి చూసుకున్నారు. మా బావమరిది అప్పట్లో సిందేవాహిలో రైసుమిల్లులో ఉండేవాడు. వెళ్ళి చూసొచ్చి, "బావా, నిలబెడితే మనిషి కంటే ఎత్తున్నది, చుట్టూ జనం సెల్ఫీలు దిగుతున్నరు" అని ఫోన్ చేశాడు. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నేను తెలుసుకోవాలనుకునేది ఇదీ. అది ఖాళీ జాగాలో కాక ఇంటి మీద పడుంటే? చైనా మీద రాజురా కోర్టులో కేసు వేయొచ్చా? తహసీల్‌కి అర్జీ పెట్టాలా? ఒకవేళ అది చైనాది కాకుండా మన శ్రీహరికోట నుంచి పోయిందే అయితే ఏంటి లెక్క? తెలిసినవాళ్ళు తెలుగులో చెప్పండి. ఇంటర్నెట్‌లో దొరికేదంతా దౌత్యవేత్తల కోసం రాసినట్టుంది.


బల్లార్షా_అడ్వకేట్:

భావూ, ముందు జవాబు చెప్పి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. విదేశీ రాకెట్ పడితే పరిహారం అడిగే హక్కు ఉంది. కానీ ఆ హక్కు మీ ఆసామిది కాదు, భారత ప్రభుత్వానిది.

1967 అంతరిక్ష ఒప్పందంలో ఆరో అధికరణం, ఏడో అధికరణం అని రెండున్నాయి. ఒక దేశం నుంచి అంతరిక్షంలోకి ఏది పోయినా, పంపింది ప్రైవేటు కంపెనీ అయినా సరే, ఆ దేశ ప్రభుత్వమే జవాబుదారీ అని ఆరోది చెబుతుంది. దానివల్ల ఇంకో దేశానికి నష్టం జరిగితే ప్రయోగించిన దేశం భరించాలని ఏడోది. దీన్నే విడమరిచి 1972లో నష్టబాధ్యత ఒప్పందం రాశారు. మన దేశం దాంట్లో 1979లో చేరింది, చైనా 1988లో చేరింది. అంటే లాడ్‌బోరీ విషయంలో రెండు పక్షాలూ దానికి కట్టుబడ్డవే.

ఆ ఒప్పందంలో మీ ఆసామికి పనికొచ్చే మంచి మాట ఒకటుంది. నేల మీద గానీ, ఎగురుతున్న విమానానికి గానీ నష్టం జరిగితే బాధ్యత సంపూర్ణం. చైనా ఇంజనీర్లు ఎక్కడ తప్పు చేశారో మనం నిరూపించక్కర్లేదు. ముక్క వాళ్ళది, కొట్టం మనది, కూలింది దానివల్లే. ఈ మూడూ తేలితే చాలు. మామూలు యాక్సిడెంట్ కేసుల్లో డ్రైవర్ తప్పు నిరూపించడానికి నేను ఎన్ని సాక్ష్యాలు తేవాలో తలుచుకుంటే ఇది వరమే. అంతరిక్షంలో రెండు ఉపగ్రహాలు గుద్దుకుంటే మాత్రం ఇలా కాదు, అక్కడ ఎవరి తప్పో తేల్చాలి. 2009 ఫిబ్రవరిలో రష్యా పాత ఉపగ్రహం ఒకటి అమెరికా కంపెనీ ఇరిడియం ఉపగ్రహాన్ని గుద్దింది, వేల ముక్కలైంది. తప్పు ఎవరిదో తేల్చుకునే గొడవలోకి ఎవరూ దిగలేదు.

ప్రయోగించిన దేశం అంటే నలుగురు కావచ్చు. ప్రయోగం చేసిన దేశం, చేయించుకున్న దేశం, ఎవరి నేల మీద నుంచి లేచిందో ఆ దేశం, ఎవరి కేంద్రాన్ని వాడుకున్నారో ఆ దేశం. ఒకటి కంటే ఎక్కువ దేశాలు కలిస్తే అందరూ కలిపీ, విడివిడిగానూ బాధ్యులే. అందులో ఎవరిని పట్టుకుని మొత్తం అడిగినా కుదురుతుంది, తర్వాత వాళ్ళూ వాళ్ళూ పంచుకుంటారు.

ఇక చేదు సంగతి. అడగాల్సింది ప్రభుత్వం, అదీ దౌత్య మార్గంలో. నష్టం జరిగిన తేదీ నుంచి, లేదా ప్రయోగించిన దేశం ఏదో తెలిసిన తేదీ నుంచి ఏడాదిలోపు అడగాలి. అడిగిన ఏడాదికి కూడా తెగకపోతే ముగ్గురు సభ్యుల కమిషన్ వేయించుకోవచ్చు. ఒకరు మన మనిషి, ఒకరు వాళ్ళ మనిషి, మూడోవారు ఇద్దరూ ఒప్పుకున్న అధ్యక్షుడు. ఆ కమిషన్ తీర్పు కూడా రెండు పక్షాలూ ముందే కట్టుబడతామని ఒప్పుకుంటేనే తీర్పు, లేకపోతే సిఫార్సు. ప్రభుత్వం అసలు అడగకూడదనుకుంటే? సరిహద్దు గొడవల మధ్య ఇదెందుకులే అనుకుంటే? అడిగి తీరాలని ఒప్పందంలో ఎక్కడా లేదు.

రాజురా కోర్టు సంగతి. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 86 ప్రకారం విదేశీ ప్రభుత్వం మీద మన కోర్టులో దావా వేయాలంటే కేంద్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. కాబట్టి ఎటు తిరిగినా ఢిల్లీ గుమ్మం తప్పదు. బాధితుడు నేరుగా ప్రయోగించిన దేశపు కోర్టుకి వెళ్ళడానికి ఒప్పందం అడ్డు చెప్పదు గానీ, మీ ఆసామి బీజింగ్‌లో వకీలుని పెట్టుకుంటాడా?

ఇంతవరకు ఇది నిజంగా నడిచిన కేసు పెద్దది ఒక్కటే, చెప్తాను. 1978 జనవరి 24న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 కెనడా ఉత్తర ప్రాంతంలో మంచు మీద పడింది. అందులో చిన్న అణు రియాక్టర్ ఉంది. రేడియో ధార్మిక ముక్కలు వందల కిలోమీటర్ల మేర చెల్లాచెదురయ్యాయి. కెనడా, అమెరికా వాళ్ళు గడ్డకట్టే చలిలో నెలల తరబడి ఏరారు. కెనడా తన డాలర్లలో 60 లక్షలకి పైగా బిల్లు వేసింది, పైసలతో సహా లెక్క చూపించింది: 60,41,174 డాలర్ల 70 సెంట్లు. చివరికి 1981 ఏప్రిల్ 2న కుదిరిన ఒప్పందం ప్రకారం సోవియట్ వాళ్ళు ఇస్తామన్నది 30 లక్షలు. లాడ్‌బోరీ తేదీ కూడా ఏప్రిల్ 2 కావడం వట్టి కాకతాళీయం. అడిగిన దాంట్లో సగం, అది కూడా మూడేళ్ళకి, పైగా ఫలానా ఒప్పందం కింద బాధ్యులం కాబట్టి ఇస్తున్నాం అనే మాట లేకుండా. అడిగింది కెనడా లాంటి దేశం, పడింది అణు రియాక్టర్. ఇక కొట్టం సంగతి మీరే ఆలోచించండి.


సిరొంచ_సీను:

అన్నా, మా సిరొంచలో పడితే ఇన్ని మాటలు అక్కర్లేదు. తెల్లారేసరికి భంగార్ (పాత ఇనుము) కొనేవాడి తరాజు మీద ఉంటది. మంచి లోహమంట కదా, కిలో ఎంత పలుకుద్దో?


కాలరీ_పెద్దాయన:

బాబూ సీనూ, 1979లో మీ నాన్నని అడిగితే ఈ మాట అనేవాడు కాదు. నేను అప్పటికి బల్లార్షా కాలరీలో చేరి కొద్దికాలమే అయింది. అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలిపోతోంది, మన మీదే పడుతుంది అని రేడియోలో, పేపర్లో ఒకటే మోత. క్వార్టర్లలో జనం రేపు ఉంటామో పోతామో అని కోళ్ళన్నీ కోసుకు తిన్నారు. మా పక్కింటావిడ దాచుకున్న డబ్బుతో పట్టుచీర కొనుక్కుంది, చస్తే కట్టుకునే చస్తానని. జులై 11న అది హిందూ మహాసముద్రం దాటి ఆస్ట్రేలియా పడమటి వైపు పడింది. అక్కడ ఎస్పెరాన్స్ అనే ఊరి మున్సిపాలిటీ వాళ్ళు చెత్త వేసినందుకు అమెరికాకి 400 డాలర్ల జరిమానా రాశారట. ఆ వార్త చదివి మేం రోజుల తరబడి నవ్వుకున్నాం. నాసా కట్టలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత, 2009లో, ఎవరో రేడియో ప్రోగ్రాం చేసేవాడు శ్రోతల దగ్గర పోగుచేసి కట్టాడని చదివాను.

వకీలు గారూ, మన దేశం ఆ ఒప్పందంలో 1979లోనే చేరింది అన్నారు. స్కైలాబ్ పడిన ఏడాదే కదా! భయం ఉంటేనే గానీ సంతకం పడదన్నమాట.


బల్లార్షా_అడ్వకేట్:

పెద్దాయనా, చేరడానికి అదే కారణమని నేను చెప్పలేను గానీ ఏడాది మాత్రం అదే.

సీనూ, భంగార్ ఆలోచన మానెయ్. ఆకాశం నుంచి పడ్డంత మాత్రాన అది ఎవరిదీ కాని సొత్తు అయిపోదు. 1967 ఒప్పందం ఎనిమిదో అధికరణం ప్రకారం అంతరిక్షానికి వెళ్ళినా, తిరిగి భూమి మీద పడినా యాజమాన్యం మారదు. 1968 నాటి ఇంకో ఒప్పందం ఉంది, వ్యోమగాముల్ని కాపాడటం గురించి, వస్తువుల్ని తిరిగి ఇవ్వడం గురించి. దాని ఐదో అధికరణం ప్రకారం తన నేల మీద ముక్క దొరికిన దేశం ప్రయోగించిన వాళ్ళకీ, ఐక్యరాజ్య సమితి సెక్రటరీ జనరల్‌కీ కబురు పెట్టాలి. వాళ్ళు అడిగితే తిరిగి ఇవ్వాలి. వెతికి, తీసి, అప్పజెప్పడానికి అయిన ఖర్చు వాళ్ళు పెట్టుకోవాలి. ప్రమాదకరమైన వస్తువైతే వచ్చి దాన్ని తొలగించే బాధ్యత కూడా వాళ్ళదే.

ఇది చట్టం మాట. మామూలు మాట ఏంటంటే, కొన్ని ట్యాంకుల్లో హైడ్రజిన్ అనే ఇంధనం మిగిలి ఉండొచ్చు, అది విషం. గ్యాస్ కట్టర్ పెట్టి కొయ్యబోయావనుకో, కిలో రేటు తెలుసుకునే లోపే ఆస్పత్రిలో ఉంటావు.


సేతు_రాజురా:

వకీలు సాబ్, బాగా అర్థమైంది. మీ మాటల్ని బట్టి చూస్తే చైనాది పడితే కనీసం అడగడానికి ఒక దారైనా ఉంది. మన ఇస్రోదో, హైదరాబాద్‌లో కొత్తగా వచ్చిన కంపెనీలదో పడితే? అప్పుడింకా సులువు కదా, మన ప్రభుత్వమే, మన కోర్టే.


బల్లార్షా_అడ్వకేట్:

సులువు అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

1972 ఒప్పందం ఏడో అధికరణం తీసి చూడండి. ప్రయోగించిన దేశం తన సొంత పౌరులకి చేసిన నష్టానికి ఈ ఒప్పందం వర్తించదు. శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్ ముక్క ఆస్ట్రేలియాలో పడితే, ఆస్ట్రేలియా మన మీద తప్పు నిరూపించకుండానే పరిహారం అడగొచ్చు. 2023 జులైలో అక్కడి గ్రీన్ హెడ్ దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన పెద్ద డబ్బా లాంటిది మన పీఎస్‌ఎల్‌వీ మూడో అంచె అయ్యుండే అవకాశం ఎక్కువ అని ఆ దేశ అంతరిక్ష సంస్థే తేల్చింది. నష్టం ఏమీ లేదు కాబట్టి గొడవా లేదు. అదే ముక్క ఎవరో జాలరి పడవ మీద పడుంటే మన ప్రభుత్వం డబ్బు కట్టాల్సి వచ్చేది. అదే మన రాజురా ఆసామి కొట్టం మీద పడితే ఈ ఒప్పందం తలుపు మూసుకుంటుంది. అప్పుడు మనకి దిక్కు మన దేశంలో ఉన్న చట్టం. అంతరిక్షం కోసమే చేసిన చట్టం మన దగ్గర లేదు.

అమెరికాలో ఇలాంటిది జరిగింది. 2024 మార్చిలో ఫ్లోరిడా రాష్ట్రం నేపుల్స్‌లో ఒక ఇంటి కప్పు చీల్చుకుని 700 గ్రాముల లోహపు ముక్క లోపలికి పడింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వదిలేసిన పాత బ్యాటరీల సరుకులో భాగమని నాసా ఒప్పుకుంది. ఆ ఇంటివాళ్ళు 80 వేల డాలర్లకి పైగా అడిగారు. వాళ్ళ వకీలు వాదన ఏంటంటే, ఇదే ముక్క ఇంకో దేశంలో పడుంటే అమెరికా మారుమాట్లాడకుండా బాధ్యత వహించాలి, సొంత పౌరులకి అంతకంటే తక్కువ ఎందుకు చేస్తారు అని. సరైన ప్రశ్న. మనకీ వర్తించే ప్రశ్న.

మన దేశంలో ఒప్పందం మీద సంతకం పెట్టినంత మాత్రాన అది కోర్టులో చెల్లే చట్టం అయిపోదు. రాజ్యాంగం 253వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేయాలి. ఒప్పందాన్ని చట్టంగా మార్చనంత వరకు పౌరుడు దాన్ని పట్టుకుని కోర్టులో హక్కు అడగలేడని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విమాన ప్రయాణాల విషయంలో ఈ పని ఎప్పుడో చేసేశారు. 1972 నాటి క్యారేజ్ బై ఎయిర్ చట్టం అంతర్జాతీయ ఒప్పందాన్ని షెడ్యూల్‌గా తనలో కలుపుకుంది. అందుకే విమాన ప్రమాదంలో పోయినవాళ్ళ కుటుంబం ఏ రూలు కింద ఎంత అడగాలో వకీలు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలడు. అంతరిక్షానికి అలాంటిది రాలేదు. 2017 నవంబర్‌లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడిగారు. లైసెన్సు తీసుకున్న కంపెనీ వల్ల ప్రభుత్వం మీదికి ఏ క్లెయిమ్ వచ్చినా ఆ కంపెనీయే ప్రభుత్వానికి కట్టివ్వాలని అందులో రాశారు. చట్టమైతే కాలేదు. 2020లో ప్రైవేటు అంతరిక్ష కంపెనీలకి అనుమతులిచ్చే సర్కారు సంస్థ ఇన్-స్పేస్ వచ్చింది, 2023లో అంతరిక్ష విధానం వచ్చింది, 2024 మేలో ఇన్-స్పేస్ నియమావళి వచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ విధానం విధానమే, చట్టం చట్టమే. కంపెనీకీ ఇన్-స్పేస్‌కీ మధ్య ఉన్న షరతుని చూపించి మన ఆసామి కోర్టులో వాదించలేడు, అందులో అతను పార్టీ కాదు.

అలాగని పూర్తిగా దిక్కు లేదని కాదు. 1986 డిసెంబర్‌లో, ఢిల్లీ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైన ఓలియం గ్యాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదకరమైన పని చేసే సంస్థ తప్పు ఉన్నా లేకున్నా సంపూర్ణ బాధ్యత వహించాలంది. రాకెట్ ప్రయోగం ప్రమాదకరమైన పని కాదని ఎవరూ వాదించలేరనే నా నమ్మకం. ఆ తీర్పు పట్టుకుని హైకోర్టుకి పోవచ్చు. కానీ అది వకీలు వాదించి గెలుచుకోవాల్సిన దారి. సేతు కౌంటర్‌లో ఫారం నింపి సాధించుకునే దారి కాదు. నా గొడవంతా అదే.


పర్లాకిమిడి_కుర్రాడు:

అడ్వకేట్ గారూ, నమస్తే. మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. ప్రస్తుతం హైదరాబాద్‌లో ఉపగ్రహాలకి విడిభాగాలు చేసే చిన్న కంపెనీలో పని. మీరు చెప్పింది చాలావరకు ఒప్పుకుంటాను, కానీ ఇటు పక్క మాట కూడా వినాలి.

చట్టం రావాలని మా కంపెనీల వాళ్ళకి కూడా ఉంది. కాకపోతే బాధ్యతకి పరిమితి లేకుండా చట్టం వస్తే మా లాంటి వాళ్ళం షట్టర్ దించుకోవాలి. బీమా కంపెనీ దగ్గరికి వెళ్తే మొదటి ప్రశ్న, ఎంతవరకు అని. ఎంతైనా అంటే ఏ బీమా కంపెనీ ప్రీమియం చెప్పదు. ఆ మాట విన్నప్పటి నుంచి మా అకౌంట్స్ ఆయనకి టెన్షన్. అమెరికా దీన్ని 1988లో సర్దింది. 1984 నాటి వాణిజ్య ప్రయోగాల చట్టాన్ని సవరించి, లైసెన్సు ఇచ్చేటప్పుడే ఆ ప్రయోగంలో బయటివాళ్ళకి గరిష్ఠంగా ఎంత నష్టం జరగొచ్చో లెక్కగడతారు. అంతవరకు బీమా తీసుకోవాలి, అది కూడా 50 కోట్ల డాలర్లు మించక్కర్లేదు. దాని పైన ఒక మేర వరకు ప్రభుత్వం చూసుకుంటుంది. ఫ్రాన్స్ 2008లో చేసిన చట్టంలో నేల మీద జరిగిన నష్టానికి ఆపరేటర్‌దే సంపూర్ణ బాధ్యత, ఒక మొత్తం దాటితే ప్రభుత్వ హామీ. జపాన్ 2016లో అదే దారి పట్టింది.

ఫ్రాన్స్‌ది మీ ఆసామికి కూడా పనికొచ్చే పద్ధతి, ఎందుకంటే బాధితుడు ఎవరని కాదు, నష్టం జరిగిందా లేదా అని చూస్తారు. మన వాళ్ళు కంపెనీకి పరిమితీ, బాధితుడికి ఈ హక్కూ రెండూ కలిపి రాస్తే బాగుంటుంది.

ఇంకొకటి. మీరు చెప్పిన ప్రయోగించిన దేశం లెక్కలో మన ప్రభుత్వానికి తెలియకుండా పెరుగుతున్న బరువు ఉంది. 2022 అక్టోబర్‌లో, 2023 మార్చిలో శ్రీహరికోట నుంచి బ్రిటన్ కంపెనీ వన్‌వెబ్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు 36 చొప్పున ఎగిరాయి. అవి మనవి కావు, కానీ లేచింది మన నేల మీద నుంచి. అంటే వాటి విషయంలో ఇండియా కూడా ప్రయోగించిన దేశమే. ఉపగ్రహం చేతులు మారినా, కంపెనీ మూతపడినా ఆ ముద్ర పోదు. అలాగే మన కంపెనీలు అమెరికా రాకెట్ మీద ఉపగ్రహం పంపితే, ప్రయోగం చేయించుకున్న దేశంగా మనమూ లెక్కలోకి వస్తాం. ప్రభుత్వానికి బిల్లు వస్తే అది ఎవరి దగ్గర రాబట్టాలి? చట్టం లేకపోతే ఆ డబ్బు కూడా జనం పన్నులోంచే.


బల్లార్షా_అడ్వకేట్:

తమ్ముడూ, పరిమితి పెట్టడం తప్పని నేను అనను. కంపెనీకి పరిమితి పెట్టండి, బాధితుడికి పెట్టొద్దు. పైన మిగిలింది ప్రభుత్వం ఇవ్వాలి, అదీ కోర్టు చుట్టూ తిప్పకుండా. అంత స్పష్టంగా చట్టంలో రాస్తే నాకు మీతో పేచీ లేదు.


మంచిర్యాల_బీమా:

నేను మంచిర్యాలలో ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని, రాజురా, గడ్‌చాందూర్ వైపు కస్టమర్లు చాలామంది ఉన్నారు. ఇంతసేపు ఒప్పందాల గురించి చదివి ఒక చిన్న మాట చెప్పాలనిపించింది. ఢిల్లీ సంగతి ఢిల్లీది, మీ ఇంటి పాలసీ కాగితం ఒకసారి తీసి చూడండి. పాత స్టాండర్డ్ ఫైర్ పాలసీల్లో విమాన నష్టం అనే పేరాలో విమానాలు, ఇతర గగన, అంతరిక్ష పరికరాలు, వాటినుంచి పడిన వస్తువులు అని స్పష్టంగా రాసుంది. ఎన్నో ఏళ్ళుగా ఉంది, ఎవరూ చదవరు. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్షలో ఏదైనా బయటి వస్తువు వచ్చి గుద్దితే జరిగే నష్టం కవర్ అవుతుంది.

కానీ కొట్టం విషయంలో జాగ్రత్త. పాలసీ ఇంటికి రాయించి కొట్టం పేరు ఎక్కించకపోతే సర్వేయర్ దాన్ని పక్కన పెడతాడు. రాయించేటప్పుడే విడిగా చెప్పి ఎక్కించండి. ఎడ్లకి పశువుల బీమా వేరే, చెవి ట్యాగ్ ఊడిపోయి ఉంటే ఆ క్లెయిమ్ కూడా కష్టమే. బీమా కంపెనీ మీకు ముందు కట్టేస్తుంది, తర్వాత చైనా దగ్గర రాబట్టుకుంటారో లేదో వాళ్ళ తలనొప్పి.


సేతు_రాజురా:

భలే చెప్పారు అన్నా. రేపే ఆసామిని పిలిచి పాలసీ తీయిస్తాను. ఉంటే గనక.

వకీలు సాబ్, ఆఖరు ప్రశ్న. నిజంగా పడిందే అనుకోండి. నేను కూర్చునే కౌంటర్ నుంచి మొదటి కాగితం ఏం పోవాలి? పంచనామాలో కారణం కాలమ్‌లో తలాఠీ ఏం రాయాలి? పిడుగు, వరద, అగ్ని అని ఉంటాయి. ఆకాశం నుంచి ఇనుము అని ఉండదు.


బల్లార్షా_అడ్వకేట్:

ముందు పోలీస్ పాటిల్‌కి, అంటే ఊళ్ళో పోలీసుల తరఫు మనిషికి, చెప్పండి, ఆయన ద్వారా పోలీస్ స్టేషన్‌కి. వస్తువు దగ్గరికి పిల్లల్ని పోనివ్వకుండా తాడు కట్టించండి. ముట్టుకోవద్దు, కదిలించొద్దు. కదిలిస్తే ఎక్కడ, ఎలా పడిందో చూపించే సాక్ష్యం పోతుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీయండి, పక్కన స్కేలో, కర్రో పెట్టి కొలత తెలిసేలా. రాతలు, నంబర్లు ఏమైనా ఉంటే దగ్గరగా.

పంచనామాలో ఇతర అనే చోట "ఆకాశం నుంచి పడిన లోహ వస్తువు, మూలం తెలియదు" అని రాయించండి. ఏ టైముకి, ఏ దిక్కు నుంచి వచ్చిందో, ఎవరెవరు చూశారో వాళ్ళ మాటల్లోనే రాయించండి. ఏ దేశపు రాకెట్ ఏ నిమిషంలో మన మీదుగా పోయిందో నిపుణులు లెక్కగట్టి సరిపోల్చేది ఆ టైముతోనే. మీ తెలివి ఉపయోగించి చైనాది అనో ఇస్రోది అనో రాయించొద్దు. అది తప్పని తేలితే అవతలివాళ్ళకి మొదటి పాయింట్ మనమే ఇచ్చినట్టు.

కూలిన కొట్టం సాత్‌బారా, ఎడ్ల కొనుగోలు రసీదు లేదా పశువుల డాక్టర్ ఇచ్చే పోస్ట్‌మార్టం రిపోర్టు, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆస్పత్రి కాగితాలు, బాగు చేయించడానికి మేస్త్రీ ఇచ్చిన అంచనా అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి తహసీల్‌దార్‌కి ఒక కాపీ, కలెక్టర్‌కి ఒక కాపీ ఇచ్చి రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. జిల్లా నుంచి అంతరిక్ష శాఖకీ, విదేశాంగ శాఖకీ పంపమని అర్జీలో స్పష్టంగా అడగండి. ఏడాది గడువు ఢిల్లీ వాళ్ళకి గుర్తుండాలంటే మీ అర్జీ మీద తేదీ కనిపించాలి. రూపాయల్లోనే అడగండి. పరిహారం బాధితుడి పక్షం దేశపు కరెన్సీలో ఇవ్వాలని 1972 ఒప్పందం పదమూడో అధికరణంలో ఉంది, డాలర్లలోకి మార్చి తిప్పలు పడక్కర్లేదు.

అర్జీ నమూనా మరాఠీలో రాసి ఆదివారం పెడతాను. ఆసామి పేరు, గట్ నంబర్ (సర్వే నంబర్) ఉండే చోట ఖాళీలు వదిలేస్తాను, మీరు నింపుకోండి.